లాన్ పోర్ట్ చూసి ప్రింటర్ కొనకండి: లైనక్స్ వాడేవాళ్లకు జాగ్రత్త

హన్మకొండ, కాజీపేట దిక్కు డీటీపీ, జిరాక్స్ సెంటర్లు నడిపేవాళ్లు ఇది ఒకసారి చదవండి.

మా సెంటర్‌లో నాలుగు కంప్యూటర్లూ విండోస్ కాదు, ఉబుంటు అనే లైనక్స్ మీదే నడుస్తాయి. ప్రాజెక్టు రిపోర్టుల సీజన్ కదా, నాలుగింటికీ కలిపి ఒక్క నెట్‌వర్క్ ప్రింటర్ పెడదామని చౌరస్తా దగ్గరి ఓ షాపులో 16,500 పెట్టి లేజర్ మెషిన్ తెచ్చిన. లైనక్స్‌కు పనిచేస్తదా అని రెండుసార్లు అడిగిన. "లాన్ పోర్ట్ ఉందన్నా, దేనికైనా పనిచేస్తది" అన్నడు కౌంటర్ మీది పిల్లగాడు.

లాన్ పోర్ట్‌కు నెట్‌వర్క్ కేబుల్ పెట్టిన. పింగ్ చేస్తే మెషిన్ నుంచి జవాబు వచ్చింది. ప్రింట్ డాటా తీసుకునే 9100 పోర్ట్ కలిసింది. లైనక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్‌లో జతచేసి టెస్ట్ పేజీ ఇస్తే 'కంప్లీటెడ్' అని కూడా చూపించింది. మెషిన్ మీద ఆకుపచ్చ లైటు నాలుగైదుసార్లు మిణుకుమని ఆగిపోయింది. కాగితం కదల్లే. కేబుల్ మార్చిన, ఐపీ మార్చిన, ప్రింట్ పంపే ఇంకో పాత పద్ధతి ఎల్‌పీడీని 515 పోర్ట్‌లో పెట్టి చూసిన. రాత్రి ఒంటిగంట దాకా అదే పని.

అసలు సంగతి మాన్యువల్ చివరి పేజీలో దొరికింది. 'ఎమ్యులేషన్: జీడీఐ' అని ఒక్క ముక్క. అంటే ఆ మెషిన్‌కు పేజీ ఎట్లుండాలో చెప్పే ప్రింటర్ భాషలు పోస్ట్‌స్క్రిప్ట్ రాదు, పీసీఎల్ రాదు. పేజీ తయారుచేసే పనంతా విండోస్‌లోని డ్రైవరే చేసి పంపాలి. లైనక్స్‌కు ఆ కంపెనీ డ్రైవరే ఇయ్యలే. డాటా అవతలికి చేరితే చాలు, కప్స్ పని అయిపోయిందనుకుంటది. ఆ 'కంప్లీటెడ్' నమ్మి నేను రెండ్రోజులు నెట్‌వర్క్‌లోనే తప్పు వెతికిన.

వాపస్ ఇయ్యబోతే "సీల్ తీసిన్రు, తీసుకోం" అన్నరు. అడిగి మరీ కొన్న మనిషికి ఆ జవాబు చెప్పడం అన్యాయం. ఇప్పుడు ప్రతి రిపోర్టూ పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, మా తమ్ముడి విండోస్ లాప్‌టాప్ నుంచి తీస్తున్న. బైండింగ్ కోసం వచ్చిన పిల్లలు బయట ఎండల నిలబడుతున్నరు.

మీరు కొనేముందు స్పెసిఫికేషన్లలో 'ప్రింటర్ లాంగ్వేజ్' వరుస చూడండి. పోస్ట్‌స్క్రిప్ట్ 3 గానీ పీసీఎల్ 6 గానీ ఉండాలి. కొత్తవాటిలో ఆపిల్ వాళ్ల ఎయిర్‌ప్రింట్ ఉన్నా సరిపోతది, ఇప్పటి ఉబుంటు వేరే డ్రైవర్ లేకుండానే ఐపీపీ అనే నెట్‌వర్క్ ప్రింటింగ్ పద్ధతితో పట్టుకుంటది. అన్నిటికన్నా ముఖ్యం, మీ లాప్‌టాప్ షాపుకు పట్టుకపోయి అక్కడే ఒక తెలుగు పేజీ తీసి చూడండి. దానికి నసిగే షాపులో కొనొద్దు. బిల్లు మీద 'లైనక్స్‌లో పనిచేస్తుంది' అని రాయించుకోండి. నేను రాయించుకోలే, అక్కడే దొరికిపోయిన.

అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నిన్న ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన. ఏం తేలితే అది ఇక్కడే పెడతా.