జనరేటర్ కన్నా వైరే ముఖ్యం: ఎనిమిదేళ్లు వాడాక

2016 డిసెంబర్‌లో వర్దా తుఫాను చెన్నైలోని మా పెరంబూరును చీకట్లో ముంచి పోయాక కొన్నాను ఈ 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్. మెషీన్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, తాడు మూడోసారి లాగితే అందుకుంటుంది. నన్ను ఏడిపించింది ఎక్స్‌టెన్షన్ వైరు.

మొదట్లో ఇంట్లో ఉన్న, వైరు లోపలే చుట్టి ఉండే ఎక్స్‌టెన్షన్ బాక్సే వాడాను. 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరు. కావలసినంత లాగి, మిగతాది చుట్టలోనే వదిలేశాను. ఫ్రిజ్ ఒక్కటే నడిచినన్నాళ్లూ బాగానే ఉంది. ఒకరోజు గ్యాస్ అయిపోయిందని అత్తయ్య ఇండక్షన్ స్టవ్ పెట్టారు. కాసేపటికి "ఏదో మాడుతోంది బాబూ, చూడు" అన్నారు. చుట్ట విప్పబోతే లోపలి వరసలు పాకం పట్టినట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. చుట్టి ఉంటే వేడి బయటికి పోదు. చుట్టి ఉంటే ఇన్ని వాట్లు, పూర్తిగా విప్పితే ఇన్ని అని బాక్సు మీద రాసే ఉంది. ఎవరు చదువుతారు!

తర్వాత ప్యారిస్ కార్నర్ దగ్గర 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి వైరు 20 మీటర్లు కొని, 16 ఆంపియర్ల ప్లగ్గు, సాకెట్ వేయించాను. "పది మీటర్లు చాలు సార్" అన్నాడు కొట్టతను. చాలదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, అందుకే మా జనరేటర్ పెరటి గోడ మూలన, కిటికీలకి దూరంగా ఉంటుంది. ఈ వైరులో 8 ఆంపియర్లు లాగినా పోయేది రెండున్నర వోల్టులే. అంతే పొడుగు సన్నదైతే ఎనిమిది దాకా పోతాయి.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వానకి రెండు రోజులు ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు దీని మీదే నడిచాయి. నేల చెమ్మగా ఉందని సాకెట్‌ని బోర్లించిన బకెట్టు మీద పెట్టాను. వైరు చల్లగానే ఉంది కానీ ప్లగ్గు కాలింది. విప్పి చూస్తే స్క్రూ వదులై, తీగ చివర నల్లబడి ఉంది. ఇప్పుడు ఏటా వానాకాలం ముందు బిగిస్తాను.

పై ఇంటాయన మాత్రం "రెండు కొసలకీ ప్లగ్గు పెట్టి గోడ సాకెట్‌లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది కదండీ" అన్నారు. వెలుగుతుంది, ఆ కరెంటు వీధి లైన్లోకీ వెళ్తుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్ గతేం కావాలి? దానికైతే వైరు ఇవ్వనన్నాను.

ఈ వైరుతో నాకున్న ఫిర్యాదు ఒక్కటే, బరువు. చుట్టాలంటే ఇద్దరుండాలి, లేకపోతే మెలికలు పడుతుంది. మావాడేమో హాస్టల్లో ఉన్నాడు.