టీమ్ కోసం ప్రశ్నల కార్డుల బాక్స్: లీడ్‌గా వాడి చూశాక నా రివ్యూ

టీమ్‌లో వాళ్ళకి ఒకళ్ళతో ఒకళ్ళకి చనువు పెరగాలని ఇప్పుడు రకరకాల ప్రశ్నల కార్డుల బాక్సులు అమ్ముతున్నారు కదా, అలాంటిదొకటి తెప్పించి మా టీమ్‌లో కొన్ని నెలలుగా వాడుతున్నాం. బ్రాండ్ పేరు చెప్పట్లేదు, ఇవన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 3. అదీ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి 4 అవ్వచ్చు, 1 కూడా అవ్వచ్చు.

బాక్స్‌లో మూడు రంగుల కార్డులు, తేలిక ప్రశ్నలు, మధ్యరకం, లోతువి. ఐడియా కొత్తదేం కాదులెండి. 1997లో ఆర్థర్ ఆరన్ అనే సైకాలజిస్టు తన తోటివాళ్ళతో కలిసి ఒక రీసెర్చ్ పేపర్ వేశారు, అందులో ముక్కూమొహం తెలియని వాళ్ళని జంటలుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలు ఇచ్చారు, మూడు సెట్లుగా, పోనుపోను లోతు పెరిగేలా, మొత్తం 45 నిమిషాలు. ఊరికే పైపై కబుర్లు చెప్పుకున్న జంటలకంటే వీళ్ళు ఎక్కువ దగ్గరయ్యారు. కానీ అక్కడ ఇద్దరూ సమానం, ఇద్దరూ చెప్పుకోవాలి. మన దగ్గరేమో అడిగేవాళ్ళ చేతిలో, పనికి రేటింగ్ ఇచ్చే అప్రైజల్ ఉంటుంది, ఈ ఒక్క ముక్క బాక్స్ మీద ఎక్కడా రాయలేదు!!

అందుకే మీటింగ్‌లో అందరి ముందు వాడితే పెద్ద దండగ. "ఈ మధ్య మిమ్మల్ని భయపెట్టిన విషయం ఏంటి" అని కార్డు వచ్చింది, మొదటి అబ్బాయి "డెడ్‌లైన్ మేడమ్" అన్నాడు, అందరూ నవ్వారు, ఇక వరసగా అందరిదీ డెడ్‌లైనే. వీడియో కాల్‌లో అయితే ఇంకా ఘోరం, కెమెరాలు ఆఫ్, సగం మంది మ్యూట్, మనం ప్రశ్న చదివి మనమే నవ్వుకోవాలి.

పనికొచ్చింది ఎక్కడంటే వన్ ఆన్ వన్‌లో, అదీ లీడ్ ముందు జవాబు చెప్తేనే. అదే కార్డుకి నేను "క్లయింట్ కాల్ ఉందంటే ముందు రోజు రాత్రి నాకు నిద్ర పట్టదు" అని ఉన్నమాట చెప్పి ఊరుకున్నా, ఎదుటి అమ్మాయిని ఏమీ అడగలేదు. తర్వాతి వారం తనే వచ్చి "మేడమ్, అందరి ముందు నన్ను పొగడకండి, నాకు చాలా ఇబ్బందిగా ఉంటుంది, విడిగా చెప్పండి చాలు" అంది. ఇది ఏ సర్వే ఫారంలోనూ రాదు.

బాక్స్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో సైకలాజికల్ సేఫ్టీ (అంటే తప్పయినా, సందేహమైనా టీమ్‌లో భయం లేకుండా చెప్పగలగడం) అని పెద్దక్షరాలతో వేశారు గానీ దాన్ని ఎలా గుర్తుపట్టాలో లేదు. ఈ విషయం మీద 1999లో పేపర్ రాసిన ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అంతకుముందు హాస్పిటల్ నర్సింగ్ టీమ్‌లని స్టడీ చేస్తే, మంచి లీడర్ ఉన్న టీమ్‌లలోనే మందుల తప్పులు ఎక్కువగా నమోదయ్యాయట, తీరా చూస్తే అక్కడ భయం లేకుండా చెప్పుకుంటున్నారు కాబట్టి లెక్కలోకి వస్తున్నాయి. నేనూ అదే చూస్తున్నా, రిలీజ్ లేటవుతుందన్న కబురు ఆఖరి రోజు వస్తోందా, ముందే వస్తోందా అని. ఇప్పుడు కాస్త ముందే వస్తోంది, అయితే అది కార్డుల పుణ్యమే అని మాత్రం అనను.

లోతు రంగు కార్డుల్లో చిన్నప్పటి బాధలు, ఇంట్లో గొడవలు అడిగేవి ఉన్నాయి, అవి తీసి పక్కన పడేయండి, ఆఫీసులో ఎవరికీ అక్కర్లేదు. ఇంకోటి, ఎవరైనా నాన్నగారి ఆపరేషన్ గురించి చెప్పారనుకోండి, తర్వాత ఎలా ఉన్నారని అడగడం మర్చిపోతే అసలు అడగకపోయినా బాగుండేది అనిపిస్తుంది వాళ్ళకి, గుర్తుండదనుకుంటే డైరీలో రాసుకోండి, అందులో సిగ్గేం లేదు. అప్పుడప్పుడు బాక్స్ వాళ్ళకే ఇచ్చేసి మీరు బయటికి వెళ్ళిపోండి, మా దగ్గర ఎక్కువ నవ్వులు వినపడింది అప్పుడే 😄

కొత్తగా లీడ్ అయినవాళ్ళు, కొత్తగా కలిసిన టీమ్‌లు కొనొచ్చు. లేఆఫ్‌లు జరిగిన వెంటనే, రేటింగ్‌లు ఇచ్చే నెలలో మాత్రం బయటికి తియ్యకండి, ఏం అడిగినా ఆరా తీస్తున్నారనే అనుకుంటారు. కార్డుల క్వాలిటీ పర్లేదు, అట్ట మందంగానే ఉంది. జవాబు చెప్పడం ఇష్టంలేనివాళ్ళకి "పాస్" కార్డు ఒక్కటి కూడా పెట్టలేదు, మేమే తెల్లకాగితం మీద రాసి కలుపుకున్నాం, అది పెట్టి ఉంటే ఇంకో అర స్టార్ ఇచ్చేదాన్ని.