మెస్సియాన్ స్వయంగా వాయించిన 'లా నతివితే': తాళం తెలిసినవాళ్లు తప్పక వినాల్సిన రికార్డింగ్

మా తిరుపతిలో సంగీత కళాశాలకి వెళ్లి మృదంగమో గాత్రమో నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్ల కోసం. ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెస్సియాన్ 1935లో ఒక్క ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి చేతులతో, కాళ్లతో వాయించే పెద్ద చర్చి వాద్యం) కోసమే రాసిన 'లా నతివితే ద్యు సెన్యేర్'ని 1956లో ఆయనే పారిస్‌లోని త్రినితే చర్చిలో వాయించి రికార్డు చేశారు. క్రీస్తు జననం మీద తొమ్మిది భాగాలు, మొత్తం దాదాపు గంట. 1931 నుంచి 1992లో చనిపోయేదాకా ఆయన ఆర్గనిస్టుగా ఉన్న చర్చి అది.

నన్ను పట్టేసింది ఇందులోని లయ. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో రాసిన సంగీతరత్నాకరంలో 120 దేశీ తాళాలు ఉన్నాయి కదా, ఆ పట్టిక ఒక ఫ్రెంచ్ సంగీత విజ్ఞానసర్వస్వంలో మెస్సియాన్ కంటపడింది. అందులోని రాగవర్ధన తాళాన్ని తీసుకుని ఆయన ఈ కృతిలో వాడారు. సమంగా సాగుతున్న స్వరాల్లో ఒకదానికి చిన్న కాలం అదనంగా చేరుస్తారు, అంతే, లెక్క పక్కకి జరిగిపోతుంది. చేత్తో తాళం వేస్తూ వినాలని చూడకండి, కుదరదు, ఎందుకంటే ఆయన తీసుకున్నది ఆ కాలాల వరుసని మాత్రమే, మనకి అలవాటైన ఆవర్తనం, అంటే తాళం చుట్టు, ఇందులో తిరగదు, ఆ చుట్టు మొదలయ్యే సమం రాదు. కాసేపు టెన్షన్‌గానే ఉంటుంది. లెక్క వదిలేసి వింటే ఆ నడక ఎంత స్వేచ్ఛగా ఉందో తెలుస్తుంది, మన గ్రంథంలోని విషయం అంత దూరం వెళ్లి ఇలా పలికిందంటే నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

రికార్డింగ్ పాతది, మోనో (రెండు వైపులా ఒకటే శబ్దం), కొన్నిచోట్ల ఆర్గన్ శ్రుతి కూడా కొంచెం తప్పినట్టు వినిపిస్తుంది. శుభ్రమైన శబ్దం కావాలంటే ఆర్గనిస్టు ఒలివియే లాత్రీ 2000లో పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చిలో చేసింది ఉంది, అదీ చాలా బాగుంటుంది. అయినా నేను మాత్రం మెస్సియాన్‌దే ముందు వినమంటాను. మూడో భాగం, 'శాశ్వత సంకల్పాలు', అందులో ఆయన ఏమాత్రం తొందరపడరు, నాదస్వరం పక్కన ఒత్తు ఊదినట్టు స్వరం అలా నిలబడే ఉంటుంది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు. కాళ్లతో నొక్కే మీటల్లో 16 అడుగుల గొట్టం అట్టడుగు స్వరం దాదాపు 33 హెర్ట్జ్, అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్లు అంత కిందికి దిగలేవు. ఆరో భాగం, దేవదూతలది, పూర్తిగా చేతులతోనే వాయించేది కాబట్టి ఎందులో విన్నా పర్లేదు. కానీ చివరిదైన 'మన మధ్య దేవుడు'లో మొదట్లోనే కింది స్వరాలు మెట్లు దిగినట్టు దిగుతాయి, అవి వినపడకపోతే అసలు విషయమే పోతుంది. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు దాన్నే వినండి, వాల్యూమ్ మాత్రం కాస్త తగ్గించి మొదలుపెట్టండి, ఆ మొదటి కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల గుంపు) చాలా గట్టిగా వస్తుంది.