బెలూం నుంచి శ్రీహరికోట దాకా: ఇంటిబడి పిల్లలతో సైన్స్ యాత్ర

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించేవాళ్ళను చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "మరి పదో తరగతి పరీక్షలెలా?" అని. దానికి బడికి వెళ్ళకుండానే పరీక్ష రాయనిచ్చే ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ఉందని ఒక్క మాటలో చెప్పి బయటపడవచ్చు. రెండో ప్రశ్నే కష్టం: "మరి సైన్స్ ల్యాబ్?" దానికి మాకు దొరికిన జవాబుల్లో ఒకటి ఈ ప్రయాణం. నంద్యాల జిల్లా బెలూం గుహల దగ్గర మొదలుపెట్టి, గండికోట, తిరుపతి మీదుగా సూళ్లూరుపేట వరకు వెళ్ళాం. ఏ చోటు ఎంత విలువైనదో చూడటానికి నా కొలబద్ద ఒక్కటే. పిల్లలకు ఒక ప్రశ్న పుడితే, దాని దగ్గర ఎంతసేపు నిలబడనిస్తారు?

ఆ కొలతకు బెలూం బాగా నిలిచింది, వారం మధ్యలో వెళ్ళాం కాబట్టి. ఆదివారాలు, సెలవు రోజుల్లో సన్నని దారుల్లో వెనకవాళ్ళు తోసుకొస్తుంటే ఆగి చూడటం కుదరదు. ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు కిలోమీటరున్నర మాత్రమే సందర్శకులకు తెరిచారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్ళకు, 1982-83లో, జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది. లోపల ఉక్కపోత గట్టిగానే ఉంటుంది, గాలి గొట్టాలు ఉన్నా సరే. నీళ్ళ సీసా, చెమట తుడుచుకోవడానికి తువ్వాలు తప్పనిసరి. ఆస్తమా ఉన్న పిల్లలైతే ముందు డాక్టర్ని అడిగి వెళ్ళండి.

మాకు దొరికిన గైడు మంచివాడే, కానీ ఆయన దృష్టంతా ఆకారాల మీదే. "చూడండమ్మా, ఇది అచ్చం మర్రి ఊడల్లా లేదూ? ఇవి కోటిలింగాలు!" అంటూ టార్చి తిప్పుతున్నాడు. మా పెద్దమ్మాయి గోడ మీద అరచేయి ఆనించి "అన్నా, ఇది ఇంత నున్నగా ఎలా అయింది?" అని అడిగింది. నీళ్ళు పారి అయిందమ్మా అన్నాడు. ఆ మాట నిజమే, కాని సగమే. నీళ్ళు ఒరుసుకుపోవడం ఒక ఎత్తు, నీళ్ళు రాయిని కరిగించుకుపోవడం ఇంకో ఎత్తు. ఆ రెండో సగాన్ని రాత్రి లాడ్జి గదిలో చూపించాం.

ఇంటిబడి తల్లిదండ్రులకు ఈ ప్రయోగం ప్రత్యేకంగా చెప్పాలి. కిళ్ళీ కొట్టులో దొరికే సున్నం కొంచెం నీళ్ళలో కలిపి కదపకుండా ఉంచితే పైన తేట తేరుతుంది. ఆ తేటను గ్లాసులోకి వంచి, స్ట్రాతో నెమ్మదిగా ఊదాలి. కొద్దిసేపట్లో తెల్లగా పాలలా మారుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి సున్నపురాయి పొడి అయింది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకుండా ఊదుతూనే ఉండండి. దవడలు నొప్పెడతాయి కాని, ఆ తెలుపు పలచబడుతూ పోతుంది. అదే రాయి, అదే వాయువు ఎక్కువైన నీటిలో కరిగిపోయింది. గుహ పుట్టింది ఇలాగే. వాన నీరు మట్టిలోని వాయువును పట్టుకుని సున్నపురాతి పగుళ్ళలోకి దిగి, కొంచెం కొంచెంగా దాన్ని తీసుకుపోతుంది. ఇప్పుడు గ్లాసును వేడినీళ్ళలో పెడితే వాయువు తప్పించుకుంటుంది, తెలుపు మళ్ళీ కనిపిస్తుంది. గుహ కప్పు నుంచి వేలాడే స్తంభాల కథ అది, అక్కడ వేడి లేకపోయినా వాయువు గాలిలోకి పోవడం మాత్రం ఒకటే. సున్నపు తేట కంటికి, నోటికి తగలకూడదు. చిన్నవాళ్ళు పొరపాటున పీల్చే ప్రమాదం ఉంది కాబట్టి, ఊదే పని పెద్దవాళ్ళకు వదిలేయండి. మా చిన్నవాడు దీని మీద పెద్ద గొడవ చేశాడు.

కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ళు (ఇవీ సున్నపురాళ్ళే) కోసే యూనిట్లు చాలా ఉన్నాయి. వాటి దగ్గర పారేసిన ముక్కలు అడిగితే ఎవరూ కాదనరు. ఒక ముక్కను పొడి చేసి నిమ్మరసం పిండితే సన్నని బుడగలు వస్తాయి. గుహ లోపలి రాయిని మాత్రం గోకడం, ముక్క తీయడం వద్దు.

బస విషయానికొస్తే, తాడిపత్రి 30 కిలోమీటర్ల దూరం. అక్కడ లాడ్జీలు, భోజన హోటళ్ళు ఉన్నాయి. మేము దిగినచోట గది శుభ్రంగానే ఉంది, కాని బకెట్ వేడినీళ్ళు అడిగితే రావడానికి బాగా రాత్రయింది. గ్లాసు ప్రయోగానికి పోను మిగిలిన నీళ్ళతో సర్దుకున్నాం. బడ్జెట్ చూసుకునేవాళ్ళకు అది చాలు. గండికోటలో పర్యాటక శాఖవారి హరిత రిసార్టు ఉంది, కోటకు దగ్గరగా ఉండటం దాని బలం. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి.

గండికోటలో పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ చూస్తే పిల్లలు అడిగేది "ఎంత వెడల్పు?" అని. అవతలి గట్టున ఒక బండను గురి పెట్టి, ఇవతల రెండు చోట్ల నుంచి కోణాలు కొలిచి, గ్రాఫు కాగితం మీద త్రిభుజం గీసి చూశాం. ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చింది. ఇవతలి రెండు చోట్ల మధ్య దూరం చాలకపోతే, కోణమానిలో ఒక్క డిగ్రీ తేడా జవాబును ఎంత మార్చేస్తుందో పెద్దమ్మాయికి అప్పుడు అర్థమైంది. లోయ అంచు దగ్గర కంచె లేదు, చిన్న పిల్లల చేయి వదలొద్దు. బండలన్నీ ఎండకు మాడిపోయే చోటు కాబట్టి మార్చి తర్వాత వెళ్ళకండి. కోతులు సంచులు లాక్కుంటాయి.

చలికాలపు రాత్రి అక్కడి ఆకాశం బాగా కనిపిస్తుంది. కృత్తికలు, రోహిణి, మృగశిర, ఆరుద్ర వరసగా పైకొస్తుంటే, తాతయ్య నోట విన్న కార్తెల పేర్లు నక్షత్రాలకు కూడా ఉన్నాయని చిన్నవాడు ఆశ్చర్యపోయాడు. ఫోన్ వెలుతురు ఆపేసి, కళ్ళు చీకటికి అలవాటుపడే దాకా ఓపిక పట్టాలి.

తిరుపతిలో 1993లో తెరిచిన ప్రాంతీయ సైన్స్ కేంద్రం ఉంది. వాన పడుతుంటే, పిల్లలకు అలసట ఉంటే పూట గడపడానికి మంచిది. నా మనసు మాత్రం కొండ మీదే. ఘాట్ రోడ్డులో ఒకచోట రాతి పొరల మధ్య గీత కనిపిస్తుంది. కింద చాలా పాత గ్రానైట్లు, పైన వాటి తర్వాత కోట్ల ఏళ్ళకు ఏర్పడిన క్వార్ట్జైట్లు (ఇసుకరాయి గట్టిపడి మారిన రాళ్ళు). మధ్యలోని పదుల కోట్ల ఏళ్ళ చరిత్ర చెప్పే రాళ్ళు అసలు లేవు. ఆ గీత మీద వేలు పెట్టి చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని బస్సు ఆగదు, టాక్సీ డ్రైవరు ఆపనంటాడు, ఆపకూడదు కూడా. అందుకని తిరుమలలోని శిలాతోరణం దగ్గర నిలబడి అదే కథ చెప్పుకోవాల్సి వచ్చింది.

సూళ్లూరుపేటకు ఈ మార్గంలో నేను ఎక్కువ మార్కులు వేస్తాను. దాని పక్కనే ఉన్న శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూసేందుకు ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. అవకాశం ప్రయోగానికి కొద్ది రోజుల ముందే తెరుస్తారు, త్వరగా నిండిపోతుంది. గుర్తింపు కార్డు మర్చిపోతే గేటు దాటలేరు. పీఎస్ఎల్వీ రాకెట్టు ఎత్తు సుమారు 44 మీటర్లు, నాలుగు దశలు, ఘన ఇంధనం ఒకసారి, ద్రవ ఇంధనం ఒకసారి మార్చి మార్చి. ముందే పిల్లలతో గ్లోబు మీద గీయించండి: ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు వెళ్ళే రాకెట్టు దక్షిణానికి పోవాలి, దారిలో శ్రీలంక ఉంది, అందుకని వంక తిరిగి వెళ్తుంది. గ్యాలరీలో మంట కనిపించాక శబ్దం ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్య సెకన్లను 340తో గుణిస్తే దూరం మీటర్లలో వస్తుంది. మా పిల్లలు చప్పట్లు కొట్టడం మానేసి లెక్కపెట్టారు. పక్కన కూర్చున్న ఓ పెద్దాయన కూడా మాతో కలిసి లెక్కపెట్టాడు.

చలికాలంలో పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు ఉంటాయి. నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలబడే కడప చెట్ల మీద గూళ్ళు కడతాయి. పక్షుల రెట్టతో నీరు బలంగా మారి పొలాలకు మేలు చేస్తుందని ఊరివాళ్ళు వాటిని ఆదరిస్తారు. చెరువు నీటి చుక్కను కాగితపు సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్‌లో పెట్టి చూస్తే, ఆ పక్షులు తినే చేపల మేత ఎక్కడ మొదలవుతుందో పిల్లలకు తెలిసింది. బైనాక్యులర్ లేకుండా మాత్రం ఇక్కడికి రావద్దు, అద్దెకు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

మొత్తం ఖర్చులో సగానికి పైగా కారు అద్దెకే పోయింది. బస్సుల్లో వెళ్తే ఖర్చు బాగా తగ్గుతుంది, కాని బెలూం నుంచి గండికోటకు మారే చోట సగం రోజు వెయిటింగ్‌లోనే పోతుంది. మళ్ళీ వెళ్ళాల్సి వస్తే ముందు రాకెట్టు తేదీ చూసుకుని, దానికి ముందు రోజుల్లో మిగతావి సర్దుతాను. ప్రయోగం వాయిదా పడటం మామూలే. తిరుగు టికెట్లు ముందుగా కొనకుండా ఉంటే, వాయిదా పడిన రోజును నేలపట్టుకు ఇచ్చేయొచ్చు.