రైలింజను బొమ్మ ఉన్న జేబు గడియారం, వన్‌టౌన్ మరమ్మతు దుకాణం

విజయవాడ వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్టుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక చిన్న గడియారాల మరమ్మతు దుకాణానికి ఈమధ్య మా తాతగారి జేబు గడియారాన్ని తీసుకువెళ్లాను. వెనుక మూత మీద రైలింజను చెక్కి ఉండటంతో అది రైల్వేవారు ఇచ్చిన గడియారమని మా ఇంట్లో గట్టి నమ్మకం. అంతకుముందు చూసిన ఒక పాతవస్తువుల వ్యాపారి కూడా ఆ మాటే చెప్పి, వేలల్లో ధర పలుకుతుందని ఆశ పెట్టారు.

దుకాణంలోని పెద్దాయన కంటికి భూతద్దం పెట్టుకొని మూత తెరవగానే, "ఇంజను బొమ్మ కొనేవాళ్ల కోసం వేసిందండీ, లోపలున్నది రాస్కాఫ్ మెషీను" అన్నారు. అమ్మకానికి అనుకూలమైన అబద్ధం చెప్పకపోవడమే ఈ దుకాణానికి నేనిచ్చే మొదటి మార్కు. జార్జ్ ఫ్రెడరిక్ రాస్కాఫ్ 1867లో స్విట్జర్లాండులో, కార్మికుడు కూడా కొనగలిగేలా 20 ఫ్రాంకుల ధరకు తెచ్చిన గడియారం అది. మామూలు గడియారంలో నూటికి పైగా ఉండే భాగాలను ఆయన 57కు తగ్గించి, నడుమ ఉండే చక్రాన్ని తీసేసి, కెంపు రాళ్ల చోట ఉక్కు పిన్నులు పెట్టారు. తరువాత ఆ పద్ధతిని ఎందరో అనుకరించడంతో చవక జేబు గడియారాలు వలస దేశాలన్నిటికీ చేరాయి. మన దేశంలో 1877లో వి.పి.పి. (వాల్యూ పేయబుల్ పోస్టు) అనే తపాలా సదుపాయం మొదలయ్యాక, పెద్ద దుకాణం లేని ఊళ్లోనివారు కూడా సరుకు చేతికి అందాకే సొమ్ము చెల్లించే వీలు కలిగింది. 1886లో బొంబాయిలో వెలసిన వెస్ట్ ఎండ్ వంటి సంస్థల గడియారాలు అంతకంటే మేలురకం.

బెజవాడకు రైలు వచ్చాక గడియారం అవసరమూ పెరిగింది. అప్పటి రైళ్లు మద్రాసు కాలం, అంటే మద్రాసులో సూర్యుణ్ని బట్టి లెక్కించే వేళ, ప్రకారం నడిచేవి. బెజవాడ, మద్రాసు దాదాపు ఒకే రేఖాంశం మీద ఉండటంతో సూర్యుడి లెక్కకూ రైలు లెక్కకూ మనకు తేడా సుమారు ఒకటిన్నర నిమిషమే. పడమట ఎంతో దూరాన ఉన్న బొంబాయి వాసులకు ఆ సుఖం లేదు. 1906 జనవరి 1న వచ్చిన కొత్త ప్రామాణిక కాలం మాత్రం ముల్లును తొమ్మిది నిమిషాలు ముందుకు జరిపించింది.

మరమ్మతు విషయానికి వస్తే, స్ప్రింగు మార్చి, శుభ్రం చేసి, నూనె వేసినందుకు 1,200 రూపాయలు తీసుకున్నారు. చెప్పిన వారం మూడు వారాలైంది, రసీదు అడిగితే తప్ప ఇవ్వలేదు. రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుందనీ, ఉక్కు పిన్నుల అరుగుదలకు తన దగ్గర మందు లేదనీ ముందే చెప్పారు. అచ్చంగా అలాగే నడుస్తోంది. పగిలిన అద్దానికి మాత్రం ప్లాస్టిక్‌ది బిగించి ఇచ్చారు, అది నాకు నచ్చలేదు. అసలు గాజు కావాలనుకునేవారు గడియారం అప్పగించేటప్పుడే ఆ మాట గట్టిగా చెప్పాలి.