2023 రెడ్‌బుల్ బండి అని చెప్పి పాత బండికి స్టిక్కర్ కొట్టి అమ్ముతున్నరు, జర పైలం

ఫార్ములా వన్ బొమ్మ కార్లు కొనే అన్నలు, తమ్ముళ్లు పైసలు పంపే ముందు ఇది చదవుండ్రి. ఇన్‌స్టాగ్రామ్‌ల ఒక పేజీని నమ్మి నేను 4,600 పోగొట్టుకున్న.

నాది హనుమకొండ. హంటర్ రోడ్డు పక్కన బైకుల మెకానిక్ షాపు. ఈ రేసుల పిచ్చి మా బామ్మర్ది అంటించిండు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌ల హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు పెడితే నన్ను గుంజుకపోయిండు. చప్పుడు లేని కరెంటు బండ్లల్ల మజా ఏముంటదిరా అని గులుగుకుంటనే పోయిన. వెర్న్ అనే డ్రైవర్ గెలిచిండు. తిరిగొచ్చేటప్పుడు కాజీపేట దిగేదాకా నేనే వాన్ని సతాయించిన, బ్రేకులెట్ల, బ్యాటరీ ఎట్ల అని. తెల్లారి సంవత్సరం హైదరాబాద్ రేసు రద్దయింది, అది వేరే ముచ్చట.

ఆ మార్చిల ఫార్ములా వన్ సీజన్ మొదలైతే ఇద్దరం ఒక్కటి విడవకుండ చూసినం. 22 రేసులల్ల 21 రెడ్‌బుల్ టీమువే. వాళ్ల డ్రైవర్ వెర్‌స్టాపెన్ ఒక్కడే 19 కొట్టిండు, అండ్ల మయామి రేసు నుంచి మోంజా రేసు దాకా వరుసగా 10. ఎప్పుడూ వాడే గెలుస్తుంటే చూసుడెందుకు అని చానామంది టీవీలు బంద్ పెట్టిన్రు. నాకైతే రోజూ పది బండ్లు విప్పేటోన్ని కాబట్టి, ఏడాదంతా ఖరాబ్ కాకుండ ఉరికే బండి అంటేనే ఒక ముద్దు. సింగపూర్‌ల ఫెరారీ నడిపే సైంజ్ గెలిచిన రాత్రి బామ్మర్ది అన్నం ముట్టలే. ఒక్కటంటే ఒక్కటే పోయింది, అదీ ఆదివారం సాయంత్రం మా ఇంట్ల అందరి ముంగట.

మొన్న వానికి నౌకరి దొరికింది. ఆ సీజన్ బండి ఆర్‌బీ19 బొమ్మ కొనిద్దామనుకున్న. పెద్ద సైజు, 1:18ది, అంటే అసలు బండిల 18వ వంతు. పేజీల ఫొటోలు నిగనిగలాడుతున్నయ్. ముక్కు మీద 1 నంబర్, పక్కన గంభీరంగ ఎద్దు బొమ్మ. క్యాష్ ఆన్ డెలివరీ అయితే 5,100, ముందే కొడితే 500 తక్కువ అని పేజీవోడు అన్నడు. నేను తెలివిగల్లోన్ని గదా, ముందే కొట్టిన. యూపీఐ స్క్రీన్ మీద పేజీ పేరుకు, మనిషి పేరుకు సంబంధం లేదు. చూసిన. అయినా కొట్టిన.

తొమ్మిది రోజులకు డబ్బా వచ్చింది. కొరియర్ పిలగాడు చేతిల పెట్టంగనే అనుమానమొచ్చింది, ఇనుప బొమ్మ ఇంత అల్కగ ఉంటదా అని. విప్పితే జానెడు కూడ లేదు. బిడ్డ జామెట్రీ బాక్సులకెళ్లి స్కేలు తీసి కొలిచిన. అసలు బండి వెడల్పు 2 మీటర్లు. 1:18 అంటే 11 సెంటీమీటర్లు రావాలె. వచ్చింది నాలుగున్నరకు ఇంత ఎక్కువ. అంటే 1:43. చిన్నదైనా బండి అదే గదా అని నేనింకా సర్దుకుంటున్న, బామ్మర్ది చేతిలకు తీసుకొని తిప్పి చూసి నవ్విండు.

"బావా, గిది 2021 బండి. టైర్లు చూడు."

రోజూ టైర్లల్లనే బతికేటోన్ని, నాకు కనవడలే! 2021 దాకా ఫార్ములా వన్‌ల 13 అంగుళాల రిమ్ములు, చుట్టూ లావు రబ్బరు, బన్ను లెక్క. 2022ల రూల్స్ మారి 18 అంగుళాల రిమ్ములు వచ్చినయ్. రిమ్ము పెద్దది, రబ్బరు పల్చన, దాని మీద గుండ్రటి మూత, ముందు టైర్ల మీద చిన్న రెక్క. మా చేతిల ఉన్నదానికి మూత లేదు, రెక్క లేదు. ఎనుక రెక్క చివర్లు కూడ పలకల లెక్క నిటారుగ ఉన్నయ్. 2023 బండికైతే అవి వంగి కిందికి కలిసిపోతయ్. ఇంక నాకు ఆగబుద్ధి కాలే. ముక్కు మీద 1 నంబర్ను గోటితోని గీకిన. స్టిక్కర్ ఒక మూల లేసింది. కింద ఎర్రగ 33.

నంబర్ సంగతి తెల్వనోళ్లకు చెప్త. ముందటేడు ఛాంపియన్ అయినోనికే 1 వేసుకునే హక్కు ఉంటది. వెర్‌స్టాపెన్ 2021 దాకా 33తోనే నడిపిండు, ఆ ఏడు గెలిచి 2022 నుంచి 1కి మారిండు. ఆ 33 బండి కూడ తక్కువదేం కాదు. ఆఖరి రేసుకు అబుదాబి పోయేటప్పటికి ఆయనకు, పోటీల ఉన్న హామిల్టన్‌కు చెరి 369.5 పాయింట్లు, ఆఖరి ల్యాపుల తేలింది. దాన్ని దాని పేరుతోనే, దాని సైజుతోనే, దాని రేటుకే అమ్మితే నేనే కొనేటోన్ని. దొంగతనం ఎందుకు?

ఫోన్ చేస్తే ఎత్తలే. ఫొటోలు పెడితే "సార్ ఇది మిక్స్‌డ్ ఎడిషన్" అన్నడు. మిక్స్‌డ్ ఎడిషన్ అంట! మిర్చి బజ్జీల ప్లేటా? డబ్బా విప్పేటప్పటి వీడియో ఉందా అనడిగిండు. లేదన్న. తర్వాత బ్లాక్.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసేసరికి మూడు రోజులైంది, అది నా తప్పు. ఎంత జల్ది చెప్తే పైసలు ఆ ఖాతాల ఉండంగనే ఆపే అవకాశం అంత ఎక్కువ. నావి అప్పటికే ముందటికి పోయినయ్. కంప్లైంట్ నంబరైతే ఇచ్చిన్రు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడ చేసిన. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల కేసేస్తే 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, కని అవతలోని అడ్రసు కావాలె. నా దగ్గరున్నది కొరియర్ కాగితం. దాని మీద పంపినోని పేరు కాడ రెండు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక ఫోన్ నంబర్. నంబర్ల తొమ్మిది అంకెలే ఉన్నయ్.

డబ్బా మీద ఎమ్మార్పీ లేదు, దిగుమతి చేసినోని పేరు లేదు, ఏ దేశంల తయారైందో లేదు. బయటినుంచి వచ్చిన సరుకు మీద ఇవన్నీ అచ్చేసి ఉండాలె. అందుకే ఎవరి దగ్గర కొన్నా డబ్బా అడుగు భాగం ఫొటో అడుగుండ్రి. బండిని స్కేలు పక్కన పెట్టి పక్కనుంచి తీసిన ఫొటో అడుగుండ్రి. కంపెనీ ఫొటోలు పంపితే వద్దనుండ్రి. నాకైతే ఆ పేజీవోడు, సరుకు గోదాంల ఉంది, వీడియో కాల్ కుదరదన్నడు. నేను సరే అన్న. వచ్చిన డబ్బాను మాత్రం ఫోన్‌ల వీడియో తీసుకుంటనే కోయుండ్రి, కొరియర్ కాగితం కనవడాలె.

ఇది చిన్న బొమ్మ, దీనికింత రామాయణమా అని మా ఆవిడ కూడ అన్నది. రాసుడు ఎందుకంటే, నిన్న రాత్రి బామ్మర్ది తన ఫోన్‌ల అదే పేజీ చూపించిండు. పేరు మార్చుకున్నడు. ఎనుక పరిచిన నీలం గళ్ల బట్ట అదే. ఇప్పుడు 2025 మెక్‌లారెన్ టీము బండి అంట, నారింజ రంగు, ముక్కు మీద 4, ముందే కొడితే 500 తక్కువ. ఫొటో పెద్దగ చేసి చూసిన. లావు రబ్బరు, మూత లేదు, రెక్క లేదు. ఈ రెండు మూడు రోజులల్ల ఎవరన్న దానికి పైసలు కొట్టి ఉంటే డబ్బా కోసం ఎదురుచూడకుండ్రి, ఇప్పుడే 1930కు చేయుండ్రి.