ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు: నిలకడగానా, విడతలుగానా?

సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా ఒడిశాలోని కొరాపుట్‌కు సైకిల్ మీద రావాలనుకునే సునాబెడ, జయపురం మిత్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: ఆగకుండా ఒకే తీరున తొక్కాలా, లేక కాసేపు గట్టిగా తొక్కి కాసేపు ఆగుతూ ఎక్కాలా?

శ్రమ: మనిషి 70 కిలోలు, సైకిల్ 15 కిలోలు అనుకుంటే, 700 మీటర్ల ఎత్తుకు చేర్చే పని ఎలా ఎక్కినా ఒక్కటే, సుమారు 580 కిలోజౌళ్లు. తేడా అంతా ఖర్చు పెట్టే తీరులోనే ఉంది. నిలకడగా తొక్కేవారికి పక్కవారితో ఒక వాక్యం మాట్లాడేంత ఊపిరి మిగులుతుంది. విడతలుగా దూకుడుగా తొక్కితే పది నిమిషాల్లోనే తొడలు మండుతాయి. ఆగితే ఆ మంట తగ్గుతుంది, కానీ ఖర్చయిన సత్తువ పూర్తిగా తిరిగి రాదు.

ఖర్చు: నిలకడకు తేలిక గేరు కావాలి, వెనక కనీసం 32 పళ్ల చక్రం. విడతలకు ఉన్న సైకిలే చాలు.

ప్రమాదం: నాకు అసలు భయం ఇక్కడే. ఏటవాలులో ఆగి మళ్లీ ఎక్కేటప్పుడు ముందు చక్రం అటూ ఇటూ ఊగుతుంది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి లారీ హారన్ వినిపిస్తుంది. మలుపు లోపలి అంచు మరీ నిటారుగా ఉంటుంది కాబట్టి, దానికి ముందే గేరు తగ్గించండి.

గేర్లున్న సైకిల్ అయితే, అదే రోజు దేవమాలి శిఖరం (1672 మీటర్లు) కూడా ఎక్కాలనుకుంటే నిలకడే మేలు. గేర్లు లేని సైకిల్‌కు, కొత్తగా మొదలుపెట్టినవారికి విడతలే నయం. అయితే ఆగేది మలుపులో కాదు, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట.